ఉప్పునది, పదో సంపుటం

వకుళ ఆవడిలో ఎక్కేది. నేను అంబత్తూరులో.
మూడు స్టేషన్లు నాకంటే ముందు,
ఒక సంపుటం నాకంటే ముందు.
ఆడవాళ్ళ పెట్టెలో తన పక్క చోటు మీద
చీరల కొట్టు సంచీ పెట్టి ఉంచేది నాకోసం.
సంచీలో ఇటుకంత పుస్తకం.

ఉప్పునది కథ. మొత్తం పది.
రెండు రాజ్యాలు, ఒక శాపం, ఎగిరే గుర్రాలు.
పేర్లు గుర్తుండక అట్ట లోపల
వకుళ పెన్సిల్‌తో రాసిన చుట్టరికాలు:
"సెమిరా – హద్రుడికి మేనత్త వరస. నమ్మకు."

మూడో సంపుటం చివర ఇల్కి తమ్ముడు చచ్చిపోతాడు.
ఒకే వాక్యం. అందులో కామా కూడా లేదు.
నాలుగులో ఆ పిల్ల మంత్రాలు నేర్చుకుంటుంది,
మేకలు కాస్తుంది, పేలాలు తింటుంది,
ఆరువందల పేజీలు తమ్ముడి పేరెత్తదు.
నాకు ఒళ్ళు మండింది.
"ఏం పిల్లే ఇది, రాయా?" అన్నాను కొరట్టూరు దగ్గర.
"ఓపిక పట్టవే," అంది వకుళ,
"ఐదులో ఇంకా మేకలున్నాయి."

ఐదులో, రెండువందల పన్నెండో పేజీలో
ఇల్కి గంజి కాచి
రెండు గిన్నెల్లో పోస్తుంది.
చూసుకుంటుంది.
ఒక గిన్నె కడిగి బోర్లిస్తుంది.
విల్లివాక్కం వచ్చేసరికి నాకు ముక్కు కారుతోంది,
ఎదురుగా పూలు కట్టుకుంటున్నావిడ
దారం ఆపి నా వంకే చూసింది.
వకుళ పందెం గెలిచినట్టు నవ్వింది.

సెమిరా రాణి, మొగుడు పోయాక
ఊళ్ళో గంటలన్నీ కరిగించి మేకులు పోయించింది.
పడవ తోర్వా, కొడుకు మునిగిన రేవులో
మనిషికి రెండు కాసులు గుంజేవాడు.
లోభి, లోభి అన్నారు అందరూ, నేనూ అన్నాను.
రెండో కాసు నీళ్ళలో వేస్తాడని
ఏడో సంపుటం దాకా చెప్పలేదు ఎవరూ,
వకుళకి తెలుసు, తనూ చెప్పలేదు.
ఎవరికోసమూ ఏడవని హద్రుడు
ఎనిమిదిలో గుర్రం కాలు విరిగితే
మూడు అధ్యాయాలు ఏడుస్తాడు.
"గుర్రం కోసం కాదులే," అని మార్జిన్‌లో వకుళ.
కింద, ఇంకో రోజు రాసినట్టు, కాస్త వంకరగా,
"గుర్రం కోసం కూడా."

నవంబరు వానల్లో నాలుగు రోజులు రాలేదు.
పట్టాలు మునిగాయి కదా అనుకున్నాను.
పట్టాలు తేలాయి.
ఇంకో రెండు వారాలకి ఫోను ఎవరో తీశారు,
మగ గొంతు, తమిళంలో, మర్యాదగా.
పదకొండో రోజు కూడా అయిపోయిందట.

రైలు స్నేహానికి మైల లేదు.
తలస్నానం లేదు,
సెలవు చీటీలో రాయడానికి వరస లేదు.
కళ్ళజోళ్ళ కొట్లో చీకటి గదిలో కూచుని
ఎవరెవరి కళ్ళ ముందో అద్దాలు మార్చాను.
ఇప్పుడు కనబడుతోందా?
ఇప్పుడు?

తొమ్మిదో సంపుటం నా దగ్గరే ఉండిపోయింది.
పదోది తన సంచీలో ఉండాలి,
ఆ గొంతుని ఎలా అడగను?
నేనే కొన్నాను కొత్తది.
మార్జిన్లు తెల్లగా, ఆస్పత్రి దుప్పట్లలా.
యుద్ధం జరుగుతోంది, నది ఎండుతోంది,
నాకేమీ ఎక్కడం లేదు.
ఈ పేజీ చదివిందా?
ఈ పేజీ?

బేసిన్ బ్రిడ్జి దగ్గర ఎప్పటిలాగే
సిగ్నల్ కోసం ఆగింది బండి.
నా పక్క చోటు మీద నా సంచీ.
పెరంబూరు నుంచి నిలబడే ఉన్న ఒకావిడ,
చేతిలో టిఫిన్ క్యారియర్, అడిగింది,
"ఆళ్ వరాంగళా?"
వస్తారు, అన్నాను.
దీని తర్వాత సెంట్రలే. ఇక ఎక్కేవాళ్ళు లేరు.
అది ఇద్దరికీ తెలుసు.
ఆవిడ ఒకసారి సంచీని చూసింది, ఒకసారి నన్ను,
కమ్మీ మీద చెయ్యి మార్చుకుంది.
నాకు సిగ్గేసింది.
సంచీ తియ్యలేదు.